బరువైన బుల్లెట్‌కు బారెల్ ఎంచుకోవాలంటే ముందు దాని పొడవు కొలవండి

కొత్త బారెల్ వేయించుకోవాలనుకునే షూటర్ డీలర్‌ను మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఎన్ని గ్రెయిన్ల దాకా పడుతుంది?" (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం.) తిరుపతిలో అడిగినా, చిత్తూరులో అడిగినా, చెన్నై డీలర్‌ను ఫోన్లో అడిగినా ప్రశ్న మారదు. డీలర్ కూడా ఏదో ఒక అంకె చెప్పేస్తాడు. తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. బారెల్ ఎంపికను తేల్చేది బుల్లెట్ పొడవు. బరువును బట్టి పొడవును ఊహించవచ్చు, కానీ ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది.

బారెల్ లోపల మెలి తిరుగుతూ సాగే గాడులు బుల్లెట్‌ను తిప్పుతాయి. బుల్లెట్ ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తే ఒక పూర్తి చుట్టు తిరుగుతుందో ఆ కొలతే ట్విస్ట్. 1:12 అంటే 12 అంగుళాలకు ఒక చుట్టు. 1:8 అంటే 8 అంగుళాలకే ఒక చుట్టు, అంటే తిప్పుడు వేగం ఎక్కువ. అంకె చిన్నదైతే ట్విస్ట్ వేగమైనదని గుర్తుంచుకోండి. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, పొడవాటి బుల్లెట్‌కు 1:12 అడిగిన సందర్భాలు ఉన్నాయి.

తిప్పడం ఎందుకంటే, ముక్కు సూదిగా ఉండే బుల్లెట్‌లో బరువు వెనకభాగంలో ఎక్కువ. గాలి ఒత్తిడి మాత్రం ముందుభాగం మీద పనిచేస్తుంది. అందువల్ల గాలి దాన్ని ఎప్పుడూ తలకిందులు చేయాలనే చూస్తుంది. బొంగరాన్ని పడకుండా నిలబెట్టేది ఏదో, ఇక్కడ బుల్లెట్‌ను ముక్కు ముందుకే ఉంచేదీ అదే. పొడవు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, కాబట్టి మరింత వేగంగా తిప్పాలి. ఒకే బోరులో, అంటే ఒకే లోపలి కొలతున్న బారెల్‌లో, వ్యాసం మారదు గనుక బరువు పెంచాలంటే పొడవే పెంచాలి. "బరువైన బుల్లెట్‌కు వేగమైన ట్విస్ట్" అనే మాట పుట్టింది ఇక్కడే. అది సగం నిజం. ఒకే బరువున్న రెండు బుల్లెట్లలో ఒకటి మొద్దు ముక్కు, చదును అడుగుతో పొట్టిగా ఉండొచ్చు. రెండోది సన్నని ముక్కు, వెనక సన్నబడే బోట్‌టెయిల్‌తో చాలా పొడుగ్గా ఉండొచ్చు. సీసం లేకుండా పూర్తిగా రాగితో చేసినదైతే ఇంకా పొడవు. రాగి సాంద్రత 8.9, సీసం మీద రాగి తొడుగు వేసిన మామూలు బుల్లెట్‌ది 10.9 దరిదాపు. అదే ఆకారంలో, అదే బరువు రావాలంటే రాగి బుల్లెట్ ఐదో వంతు ఎక్కువ పొడవు ఉండక తప్పదు. బరువు చూసి బారెల్ కొన్నవాళ్ళు దెబ్బ తినేది ఈ రాగి బుల్లెట్ల దగ్గరే.

ట్విస్ట్ తప్పితే ఒక తూటా (బుల్లెట్, పౌడర్, వాటిని పట్టి ఉంచే కేసు కలిసిన మొత్తం) తలరాతే మారిపోతుందనడానికి రెమింగ్టన్ కంపెనీ చరిత్రే సాక్ష్యం. 1955లో 6 మిల్లీమీటర్ల బోరులో రెండు తూటాలు పోటీగా మార్కెట్లోకి వచ్చాయి. వించెస్టర్ .243కు 1:10 ట్విస్ట్ పెట్టింది. రెమింగ్టన్ తన .244కు 1:12 పెట్టింది, తేలికపాటి బుల్లెట్లే వాడతారన్న అంచనాతో. కొన్నవాళ్ళు 100 గ్రెయిన్ల బుల్లెట్ కూడా కావాలన్నారు. ఆ పొడవుకు 1:12 మీద భరోసా లేదు. .243 దూసుకుపోయింది, .244 వెనకబడింది. 1963లో రెమింగ్టన్ అదే తూటాకు "6 ఎంఎం రెమింగ్టన్" అని పేరు మార్చి, 1:9 బారెల్‌తో మళ్ళీ దింపింది. తూటా కేసులో మార్పేమీ లేదు, మారింది గాడుల మెలికే. అయినా పోయిన మార్కెట్ తిరిగి రాలేదు.

లెక్క వేసే పద్ధతి

పాత సూత్రం గ్రీన్‌హిల్‌ది. 1879లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో ఫిరంగి గుండ్ల కోసం ఆయన కట్టిన లెక్క ఇది: 150ని బుల్లెట్ వ్యాసంతో రెండుసార్లు గుణించి, పొడవుతో భాగిస్తే ట్విస్ట్ అంగుళాల్లో వస్తుంది. వేగం సెకనుకు 2800 అడుగులు దాటితే 150 బదులు 180 వాడతారు. నోటి లెక్కకు ఇది బాగుంటుంది, కానీ నేటి సన్నని బోట్‌టెయిల్ బుల్లెట్లకు ఉజ్జాయింపే.

డాన్ మిల్లర్ 2005లో ప్రచురించిన సూత్రం దీనికంటే నమ్మదగినది. స్థిరత్వం ఎంతో అది ఒక అంకెలో చెప్పేస్తుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ పల్టీలు కొడుతుంది. 1కీ 1.3కీ మధ్య ఉంటే అంచు మీద నడకే. 1.5 దగ్గర, ఆపైన ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 300 మీటర్ల పోటీల్లో ఎక్కువగా కనిపించే 6 మిల్లీమీటర్ల తరగతిలో, 107 గ్రెయిన్ల బరువు, 1.23 అంగుళాల పొడవున్న బుల్లెట్‌ను తీసుకుని వేసి చూద్దాం.

వ్యాసం 0.243 అంగుళం. పొడవును వ్యాసంతో భాగిస్తే 5.06. ట్విస్ట్ 8 అంగుళాలు అనుకుని దాన్నీ వ్యాసంతో భాగిస్తే 32.92. ఇప్పుడు పైన వేయాల్సింది 30 × 107, అంటే 3210. కింద నాలుగు అంకెలను గుణించాలి: 32.92 వర్గం 1084, వ్యాసం ఘనం 0.01435, పొడవు అంకె 5.06, దాని వర్గానికి ఒకటి కలిపితే వచ్చే 26.6. గుణిస్తే సుమారు 2094. 3210ని 2094తో భాగిస్తే 1.53. నిశ్చింత.

అదే బుల్లెట్‌కు 1:9 వేస్తే 1.21 వస్తుంది. 1:10 వేస్తే 0.98. అంటే .243 తూటాను గెలిపించిన ఆ 1:10 బారెలే ఈ పొడవాటి మ్యాచ్ (పోటీ) బుల్లెట్‌కు పనికిరాదు. ట్విస్ట్ అంకె సూత్రంలో వర్గమై కూర్చుంటుంది కాబట్టి ఒక్క అంగుళం తేడాకే ఫలితం ఇంతగా మారుతుంది. పొడవు ప్రభావం దాదాపు ఘనం స్థాయిలో ఉంటుంది. బుల్లెట్ పెట్టె మీద పొడవు అరుదుగా రాస్తారు, కాబట్టి వెర్నియర్ క్యాలిపర్‌తో ఐదు బుల్లెట్లు కొలిచి సగటు తీయండి. ముక్కున ప్లాస్టిక్ కొన ఉన్న బుల్లెట్లకు ఒక మినహాయింపు ఉంది. ఆ కొనకు బరువు దాదాపు లేదు, కాబట్టి దాన్ని కలిపి కొలిస్తే లెక్క అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మనకు నష్టం లేని తప్పు అది.

ఈ అంకె సెకనుకు 2800 అడుగుల వేగానికి, సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ గాలికి వర్తిస్తుంది. వేగం తేడా ప్రభావం చాలా స్వల్పం, ఘనమూలం స్థాయిలోనే. గాలి సంగతి మాత్రం మన ప్రాంతం షూటర్లు తప్పక పట్టించుకోవాలి.

తిరుపతి ఎండ చూపే మాయ

తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీలు మామూలే. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలికి బుల్లెట్‌ను పల్టీ కొట్టించే బలం తక్కువ. లెక్క ప్రకారం స్థిరత్వం 10, 11 శాతం పెరుగుతుంది. ఇందాకటి 1:9 బారెల్‌కు 1.21 కాస్తా 1.34 అవుతుంది. గ్రూపులు, అంటే కాగితం మీద దగ్గర దగ్గరగా పడే రంధ్రాల గుంపులు, బాగానే పడతాయి, బారెల్ సరిపోయిందని షూటర్ సంబరపడతాడు.

అదే రైఫిల్ తీసుకుని జనవరిలో ఢిల్లీకి వెళ్ళి పొద్దున 5 డిగ్రీల చలిలో కాలిస్తే అంకె 1.19కి పడిపోతుంది. బుల్లెట్ పల్టీ కొట్టదు, కానీ బారెల్ నుంచి బయటపడ్డాక ఊగిసలాట సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. గాలి నిరోధం పెరుగుతుంది, అడ్డగాలికి పక్కకు పోవడం ఎక్కువవుతుంది, గ్రూపు విచ్చుకుంటుంది. షూటర్ మాత్రం తూటా లాట్‌నో, స్లింగ్‌నో, చలికి బిగుసుకున్న వేళ్ళనో తప్పు పడతాడు. అదే 1:8 బారెల్ అయితే తిరుపతి ఎండలో 1.69, ఢిల్లీ చలిలో 1.51. రెండుచోట్లా 1.5 పైనే.

కాబట్టి లెక్క ఎప్పుడూ మీరు కాల్చబోయే అత్యంత చల్లని చోటుకు వేయాలి. సాధన చేసే ఊరి వాతావరణం దీనికి కొలబద్ద కాదు. చిత్తూరు, మదనపల్లె వైపు ఎత్తు పెరిగేకొద్దీ గాలి మరింత పలచన. 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ మీద 25 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే ప్రామాణిక అంకె కంటే 20 శాతం దాకా ఎక్కువ వస్తుంది. అక్కడ సరిపోయిన బారెల్ కింద సరిపోతుందన్న హామీ లేదు.

ఫోన్లో లెక్క వేసేవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. వాతావరణ యాప్‌లు చూపే గాలి ఒత్తిడి సముద్ర మట్టానికి సర్దిన అంకె. క్యాలిక్యులేటర్‌కు కావలసింది ఆ చోట నిజంగా ఉన్న ఒత్తిడి. తిరుపతిలో తేడా 2 శాతమే, పోనివ్వొచ్చు. కొండ మీద 16 శాతం దాకా ఉంటుంది. ఎత్తు విడిగా అడిగే క్యాలిక్యులేటర్ అయితే ఈ బాధ లేదు, కానీ ఎత్తునూ అసలు ఒత్తిడినీ రెండూ ఇచ్చి ఒకే సవరణను రెండుసార్లు చేయకండి.

ఏ బోరుకు ఎంత

.223లో 55 గ్రెయిన్లకు 1:12 చాలు. 62 నుంచి 69 దాకా 1:9, 75, 77 గ్రెయిన్లకు 1:8, 80 దాటితే 1:7. అమెరికా సైన్యం ఎం16 రైఫిల్ కూడా ఈ మెట్లే ఎక్కింది: 55 గ్రెయిన్ల బుల్లెట్‌తో 1:12 ఉండేది, 62 గ్రెయిన్ల బుల్లెట్‌కు మారినప్పుడు 1:7 అయింది. నిజానికి ఆ 62 గ్రెయిన్లకు అంత అక్కర్లేదు, దానితోపాటు వాడే, వెలుగుతూ దారి చూపే పొడవాటి ట్రేసర్ బుల్లెట్ కోసం అంత వేగం పెట్టారు. 6 మిల్లీమీటర్లలో 100 గ్రెయిన్ల చదును అడుగు బుల్లెట్‌కు 1:10, 105 నుంచి 108 దాకా 1:8, 115కు 1:7.5. 6.5 మిల్లీమీటర్లలో 140, 147 గ్రెయిన్లకు 1:8 స్థిరపడిపోయింది.

.308 బోరులో అపోహలు ఎక్కువ. 175 గ్రెయిన్లకు 1:10 తప్పనిసరి అంటుంటారు. 1.24 అంగుళాల పొడవున్న 175 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌కు 1:12తో, సెకనుకు 2600 అడుగుల వేగానికి లెక్క వేస్తే 1.67 వస్తుంది. హాయిగా సరిపోతుంది. 1:10 అవసరమయ్యేది 190, 200 గ్రెయిన్లు దాటాక. ఈ బోర్లన్నీ పౌరులకు దొరుకుతాయని కాదు. నిషేధిత బోరు, నిషేధం లేని బోరు అనే విభజన మీ లైసెన్సు మీద రాసి ఉంటుంది, ఎంపిక అక్కడి నుంచే మొదలుకావాలి.

అయితే అన్నిటికీ 1:7 వేయిస్తే పోలా? పోదు. సెకనుకు అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే బుల్లెట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 2800 అడుగులకు 1:8లో 2,52,000 చుట్లు. 3200 అడుగుల వేగంతో పోయే తేలిక బుల్లెట్‌కు 1:7లో 3,29,000 పైచిలుకు. పల్చని తొడుగున్న తేలిక బుల్లెట్లు ఈ వేగానికి తట్టుకోలేక గాలిలోనే చిట్లిపోవచ్చు. లక్ష్యం దాకా బూడిదరంగు పొగలాంటి చార కనిపించి, కాగితం మీద రంధ్రమే పడకపోతే కారణం ఇదే. చిట్లకపోయినా మరో బాధ ఉంది. ఏ బుల్లెట్‌లోనూ తొడుగు మందం అన్నివైపులా అచ్చంగా సమానంగా ఉండదు. తిప్పుడు పెరిగేకొద్దీ ఆ అసమానత బుల్లెట్‌ను పక్కకు విసరడం పెరుగుతుంది. మేలైన మ్యాచ్ బుల్లెట్‌తో ఇది కనిపించదు, చౌక బుల్లెట్‌తో కనిపిస్తుంది. అందుకే 1.5కీ 2కీ మధ్య ఆగడం మంచిది. తప్పనిసరై ఏదో ఒక వైపు తప్పాల్సివస్తే మాత్రం కొంచెం వేగం వైపే తప్పండి. ఎక్కువైన ట్విస్ట్ గ్రూపును కాస్త పాడు చేస్తుంది, తక్కువైన ట్విస్ట్ బుల్లెట్‌ను అడ్డం తిప్పేస్తుంది.

బరువైన బుల్లెట్ కోసం లావు బారెల్ కావాలన్నది ఇంకో గందరగోళం. లావు బారెల్ ఆలస్యంగా వేడెక్కుతుంది, తక్కువ ఊగుతుంది, రీకాయిల్‌ను (కాల్చినప్పుడు వెనక్కి తన్నే తాకిడిని) కాస్త మింగుతుంది. బుల్లెట్ స్థిరత్వంతో దానికి సంబంధం లేదు. పొడవు బారెల్ కూడా అంతే. 26 అంగుళాల నుంచి 20కి తగ్గి సెకనుకు 150 అడుగుల వేగం పోయిందనుకుంటే స్థిరత్వం తగ్గేది 2 శాతం లోపే. అయినా పోటీ నిబంధనలు చూసుకోండి. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు మొత్తం బరువు 5.5 కిలోలు, బారెల్ 762 మిల్లీమీటర్లు దాటకూడదు. లావు బారెల్ మీద మోజుతో పరికరాల తనిఖీలో బయటికి రావడం కంటే బాధ ఇంకొకటి లేదు.

ట్విస్ట్ సరిపోయాక కూడా చాంబర్, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే గది, అడ్డు తగలొచ్చు. పొడవాటి బుల్లెట్ కేసు నుంచి ఎక్కువ బయటికి ఉంటుంది. చాంబర్ ముందు గాడులు మొదలయ్యేలోపు ఉండే నున్నని భాగం, అంటే త్రోట్, పొట్టిగా ఉంటే బుల్లెట్ గాడులకు గట్టిగా ఒత్తుకుంటుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. తూటా కాల్చకుండా బయటికి లాగితే బుల్లెట్ గాడుల్లో ఇరుక్కుని, పౌడరంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోయిందంటే కారణం అదే. త్రోట్ మరీ పొడుగైతే బుల్లెట్ గాడులను చేరేలోపే కాస్త వాలి, అదే వాలుతో లోపలికి దూరుతుంది. మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌లో తూటా మొత్తం పొడవుకు హద్దు ఉంటుంది. .223కు అది 2.26 అంగుళాలు. బారెల్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు బోరు, ట్విస్ట్ మాత్రమే చెప్పి వదిలేయకండి. మీరు వాడబోయే తూటా కొలతలు ఇచ్చి, దానికి తగిన త్రోట్ అడగండి. తేలిక బుల్లెట్‌కు వాడే పౌడర్ తూకాన్ని బరువైన బుల్లెట్ వెనక ఎప్పుడూ పెట్టకూడదు. బరువు ఎక్కువ, బారెల్‌ను రాసుకునే భాగం ఎక్కువ, కాబట్టి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఫ్యాక్టరీ తూటాలే వాడేవాళ్ళకు ఈ బాధ ఎలాగూ లేదు.

చేతిలో ఉన్న బారెల్‌ను కొలవడం

బారెల్ మీద "1-8" అనో "8" అనో కొట్టి ఉన్నా ఒకసారి కొలవండి. కొన్ని తయారీ పద్ధతుల్లో, ముఖ్యంగా గట్టి లోహపు బటన్‌ను బారెల్ గుండా లాగి గాడులు ఒత్తే బటన్ రైఫ్లింగ్‌లో, రాసిన దానికీ ఉన్నదానికీ కొద్దిగా తేడా వస్తుంది. 8 అని రాసింది 8.3 కావొచ్చు. అంచు మీదున్న బుల్లెట్‌కు అది చాలు.

చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ తీసేయండి. పిడి దగ్గర బేరింగ్ ఉండి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి. కొనకు గుడ్డముక్క బిగుతుగా చుట్టి, చాంబర్ వైపు నుంచి బారెల్‌లోకి రెండు, మూడు అంగుళాలు తొయ్యండి. రాడ్ మీద, రిసీవర్ అంచు దగ్గర, పైవైపున ఒక గీత పెట్టండి. నెమ్మదిగా తోస్తూ పోతే గాడుల వెంట రాడ్ తిరుగుతుంది. గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి రాగానే ఆగి, అదే అంచు దగ్గర రెండో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరమే ట్విస్ట్. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే గుడ్డ వదులై జారుతోందని అర్థం, ఇంకాస్త మందంగా చుట్టండి.

కాల్చి చూసేటప్పుడు కాగితాన్ని అట్ట మీద సాగదీసి అంటించాలి. వదులు కాగితం చిరిగి, రంధ్రం ఆకారం అబద్ధం చెబుతుంది. 50 మీటర్ల దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి, పది చొప్పున కాల్చండి. మూడు తూటాల గ్రూపును నమ్మొద్దు. రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బుల్లెట్ వాలుతోంది. తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా ఉంటే అడ్డం తిరిగింది. అయితే నేరం వెంటనే ట్విస్ట్ మీద వేయకండి. అదే బారెల్‌తో పొట్టి, తేలిక బుల్లెట్ కాల్చండి. అది గుండ్రంగా పడితే ట్విస్ట్ చాలడం లేదు. అదీ వాలితే మూతి దెబ్బతినో, గాడులు అరిగో, బారెల్‌లో సీసం పేరుకునో ఉండాలి.

తిరుపతి, చిత్తూరు షూటర్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది .22, లేదంటే .177 ఎయిర్ రైఫిల్. .22 లాంగ్ రైఫిల్‌కు 1:16 ట్విస్ట్, 40 గ్రెయిన్ల బుల్లెట్. ఈ జోడీని మార్చాల్సిన పనే లేదు. 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా పోయే) తూటాలను మామూలు .22లో ప్రయత్నిస్తే అడ్డం తిరిగిన రంధ్రాలే పడతాయి, వాటికి 1:9 బారెల్ కావాలి. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ నడుము సన్నగా, వెనక బోలుగా ఉంటుంది కాబట్టి దానిని సగం నిలబెట్టేది గాలి నిరోధమే. అక్కడ బరువు పెరిగినా ట్విస్ట్ గొడవ పెద్దగా రాదు. బోలు లేని స్లగ్‌లు వాడితేనే ఈ లెక్కంతా మళ్ళీ మొదలవుతుంది.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం దృష్టిలో బారెల్ వట్టి ఇనుప గొట్టం కాదు, ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. కొనడం లైసెన్సున్న డీలర్ దగ్గరే, బిగించడం లైసెన్సున్న గన్‌స్మిత్ చేతే జరగాలి. లేత్ ఉంది కదా అని పాడిపేటలోనో గాజులమండ్యంలోనో తెలిసిన వర్క్‌షాపుకు తీసుకెళ్తే సెక్షన్ 5 కింద నేరం. లైసెన్సు లేకుండా బారెల్ పొట్టి చేయించడం సెక్షన్ 6 కింద నేరం. ఇక ఇంత ఖచ్చితమైన బారెల్ దేనికని అడిగేవాళ్ళకు: ఇదంతా కాగితపు లక్ష్యాల కోసమే, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక శేషాచలం అడవుల్లో దీనికి పనేమీ లేదు.

బారెల్ వచ్చాక మన వాతావరణంలో దానికి అసలు శత్రువు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు. క్రోమ్‌మాలీ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది, 416ఆర్ స్టెయిన్‌లెస్ కాస్త ఓర్చుకుంటుంది, అదీ పూర్తిగా కాదు. నురుగు కవర్లలో పెట్టి నెలలు వదిలేయకండి, అవి తేమను పట్టి ఉంచుతాయి. ఎన్నికల సమయంలో రైఫిల్‌ను స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సివస్తే బారెల్ లోపల పల్చగా నూనె పట్టించి, ఆ సంగతి ఒక చీటీ మీద రాసి ట్రిగ్గర్ గార్డ్‌కు కట్టండి. తిరిగి తెచ్చుకున్నాక పొడి గుడ్డముక్కలు మూడు, నాలుగు నడిపి, నూనె మొత్తం పోయిందని చూశాకే మొదటి తూటా పెట్టాలి. నూనె నిలిచిన బారెల్‌లో కాలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, మొదటి రెండు, మూడు తూటాలు ఎటో పోతాయి, వాటిని చూసి సైట్ తిప్పితే ఆ రోజు సాధన అంతా వృథా.